మన ఫ్లాట్ కింద మన నేల



మాధవరం అంటే ఇవాళ చాలామంది తెలుగువాళ్లకి బస్ స్టాండే. 2018 అక్టోబరు నుంచి ఆంధ్రా, తెలంగాణ వైపు వెళ్లే బస్సులు అక్కణ్ణుంచే బయల్దేరుతున్నాయి. నెల్లూరు, తిరుపతి, విజయవాడ, హైదరాబాదు బోర్డులు వెతుక్కుంటూ, చేతిలో సంచులు, చంకలో పిల్లలతో పరుగెత్తేవాళ్లకి ఊరిని చూసే తీరిక ఎక్కడిది? ఉత్తర చెన్నైలో చెరువుల మధ్య పెరిగిన ఊరది. ఒక పక్క రెట్టేరి, మరో పక్క మాధవరం చెరువు, కాస్త పైకి వెళితే పుళల్, మనందరం రెడ్ హిల్స్ అని పిలుచుకునే పెద్ద చెరువు. మిల్క్ కాలనీ, ఆవిన్ డెయిరీ, 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి. నీళ్లు, పచ్చిక, పశువులు ఈ ఊరికి కొత్త కావు.

2011లో మాధవరం చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. ఇప్పుడు కడుతున్న మెట్రో రైలు రెండో దశలో మూడు మార్గాలుంటే, వాటిలో రెండు మాధవరం నుంచే మొదలవుతాయి. మెట్రో వస్తుందంటే అపార్ట్‌మెంట్లూ వస్తాయి. నాలుగైదు అంతస్తులవి వీధి వీధికీ లేచాయి. పెరడూ బావీ ఉన్న ఇళ్లలో పుట్టి పెరిగిన మనవాళ్లు ఎందరో ఇప్పుడు ఆ మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో కాపురం ఉంటున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఇలాంటి ఫ్లాట్‌లో ఉంటూ చెట్టూ చేమా, పిట్టా పురుగూ, వానా ఎండా మన రోజువారీ బతుకులో భాగం కావాలంటే ఏం చెయ్యాలన్నది ఈనాటి నా ప్రసంగ విషయం.

అసలు ఇదంతా అవసరమా అని అడిగేవాళ్లున్నారు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు ఒక చిన్న పరిశోధన ప్రచురించాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు తీసి చూశాడు. సగం మందికి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతా సగం మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. ఇంగ్లండులో దాదాపు ఇరవై వేలమందిని పరిశీలించి 2019లో వెలువరించిన మరో అధ్యయనంలో, వారానికి కనీసం రెండు గంటలు పార్కుల్లోనో చెట్ల మధ్యనో గడిపేవాళ్లు తాము ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నామని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఆ రెండు గంటలు ఒక్కసారే గడపాలనేం లేదు. రోజూ కొంచెం కొంచెంగా గడిపినా సరిపోతుంది. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి ఇది ధైర్యం చెప్పే మాట.

ఇక్కడే ఒక భ్రమ కూడా తీర్చుకోవాలి. ఇంట్లో నాలుగు మొక్కల కుండీలు పెడితే గాలి శుభ్రపడుతుందని నర్సరీల్లో చెబుతారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1989లో మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన నమ్మకం ఇది. 2019లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇలాంటి ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కగట్టారు. మామూలు ఇంట్లో తలుపులు, కిటికీల గుండా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే, చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని తేల్చారు. కాబట్టి గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కని మాత్రం మొక్క కోసమే పెంచండి. దాని చిగురు చూడటానికి, దాని ఆకు వంటలో వేసుకోవడానికి, దాని మీద వాలే ప్రాణుల కోసం పెంచండి.

మొదలుపెట్టాల్సింది వంటింటి నుంచే. తెలుగింటి వంటకి రోజూ కావలసిన ఆకు ఏది? కరివేపాకు. తరవాత కొత్తిమీర, పుదీనా. మద్రాసులో ఎన్నేళ్లున్నా మనకి తీరని కోరిక గోంగూర. బజారులో కొన్న పుదీనా కట్టలోంచి ముదురు కాడలు రెండు తీసి, కింది ఆకులు దూసి తడిమట్టిలో గుచ్చితే వేళ్లు పట్టేస్తాయి. తోటకూర విత్తనాలు చల్లితే నెల తిరక్కుండా కోతకి వస్తుంది. కిటికీ గ్రిల్ ఉంటే బచ్చలి తీగ పాకించండి. పడమటి ఎండకి అదే తెర అవుతుంది, పప్పులోకి కూర కూడా అవుతుంది. బాల్కనీ ఏ దిక్కున ఉందో ముందు చూసుకోవాలి. రోజుకి నాలుగైదు గంటల ఎండ తగిలితే ఆకుకూరలు ధైర్యంగా వేసుకోవచ్చు. ఎండ తగలని చోట పుదీనా, తమలపాకు తీగ బాగుంటాయి. మే నెల కత్తిరి ఎండల్లో మాత్రం ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టక తప్పదు.

కరివేపాకు మొక్క గురించి ఒక్క మాట. కుండీలో పెట్టిన మొక్క చిగురు వేసిన వారం పది రోజులకి ఆకుల మీద తెలుపూ నలుపూ కలిసిన చిన్న మరకలు కనిపిస్తాయి. పిట్ట రెట్ట పడిందేమో అనిపిస్తుంది. దగ్గరికి వంగి చూస్తే ఆ మరక మెల్లిగా కదులుతుంది. అది నిమ్మ, కరివేప జాతి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక గొంగళి పురుగు. పిట్టలు తినకుండా రెట్టలా కనిపించడం దాని ఉపాయం. కొద్ది రోజులు పోయాక చర్మం విడిచి ఆకుపచ్చగా మారిపోతుంది, అప్పుడు ఆకులో కలిసిపోయి కంటికి ఆనదు. పుల్లతో ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. తరవాత కాడకి ఒక్క దారంతో నడుం కట్టుకుని గూడులో నిద్రపోతుంది. గుడ్డు పెట్టిన నెలలోపే రెక్కలు విప్పుకుని, బాల్కనీ గోడ మీద కాసేపు ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది.

ఆ నెలలో ఆ పురుగు మన కరివేపాకు రెబ్బల్లో సగం తినేస్తుంది, నిజమే. మా పైఅంతస్తులో నెల్లూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు. ఆవిడ మనవరాలు పురుగు మందు కొడతానంటే ఆవిడన్నారు: "ఎందుకే తల్లీ, ఆకు తింటే మళ్లీ వేస్తుంది. దాని వాటా దాన్ని తిననీ. మన తాలింపుకి రెండు రెబ్బలు చాలవూ?" ఆ పిల్ల ఇప్పుడు రోజూ బడికి వెళ్లేముందు ఆకులు తిప్పి చూసుకుంటుంది. బొమ్మల పుస్తకంలో సీతాకోకచిలుక జీవితం చదవడం వేరు, తన కరివేప మొక్క మీద చూడటం వేరు. ఇంట్లోకి ప్రకృతి రావాలంటే మనం మొదట చెయ్యాల్సిన పని ఆవిడే చెప్పారు. వచ్చే ప్రాణికి వాటా ఇవ్వాలి.

ఇక నీళ్లు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం దగ్గర బయల్దేరిన కృష్ణ నీళ్లు సోమశిల, కండలేరు దాటి 1996లో పూండి చెరువుకి చేరాయి. చెన్నై చెరువుల్లో నిలిచే నీటిలో ఆ కృష్ణమ్మ కూడా ఉంది. అంత దూరం నడిచి వచ్చిన నీటిని పారబోయడానికి మనసెలా ఒప్పుతుంది? 2019 వేసవి మర్చిపోలేం. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో చెన్నైకి నీళ్లు తెచ్చారు. కుండీలకి నీళ్లు పోసేవాళ్లు ముందు ఇంట్లో పోయే నీటిని చూడాలి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకి బాగా పనికొస్తాయి. ఎ.సి. గొట్టం నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, చెన్నై ఉక్కలో అవి రోజుకి బకెట్ దాకా వస్తాయి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీటి విషయంలో మాత్రం జాగ్రత్త. అందులో ఉప్పులు చిక్కబడి ఉంటాయి. రోజూ అదే పోస్తే మట్టి మీద తెల్లటి పొర కట్టి ఆకుల అంచులు మాడతాయి. అది ఇల్లు తుడవడానికి వాడుకోండి.

మట్టిని బజారులో కొనక్కర్లేకుండా చాలావరకు వంటింట్లోనే తయారు చేసుకోవచ్చు. చుట్టూ చిల్లులున్న కుండ ఒకటి తీసుకుని, కూరగాయ తొక్కలు ఒక వరస, ఎండుటాకులో కొబ్బరిపీచు పొడో రెండు వరసలు, పైన గుప్పెడు పాత ఎరువు వేస్తూ రండి. పుల్ల మజ్జిగ చిలకరిస్తే పని త్వరగా అవుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని గుర్తు, ఎండుటాకు కలపండి. మన వేడికి రెండు మూడు నెలల్లో నల్లటి మెత్తటి ఎరువు చేతికి వస్తుంది. చెత్తబండిలోకి పోయేది తగ్గుతుంది, కుండీకి బలం పెరుగుతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకి వెళతాను. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ పెట్టిన గుడ్డు వారం పది రోజుల్లో దోమ అయిపోతుంది. అందుకని పళ్లెం నీళ్లు వారానికి రెండుసార్లు పారబోసి తుడవండి. పిట్టలకి పెట్టిన మట్టి మూకుడులో నీళ్లు రోజూ మార్చండి. రెండోది, పావురాలకి గింజలు చల్లడం. ఇది పుణ్యం అనుకుంటాం గానీ, గింజలు చల్లిన చోట పావురాలు గుంపులు కట్టి, వాటి రెట్టల దుమ్ము ఊపిరితిత్తుల జబ్బులు తెస్తుంది. చిన్న పిట్టలకి చోటుండదు. గింజలకన్నా నీళ్లు పెట్టండి, పూల మొక్కలు పెట్టండి. మందారం, నూరువరహాలు ఉంటే తేనెపిట్ట తనే వెతుక్కుంటూ వస్తుంది. సాలెగూడు దారాలతో, ఎండుటాకు ముక్కలతో అల్లిన దాని సంచి గూడు ఏ కేబుల్ వైరుకో వేలాడుతూ కనిపిస్తుంది. గుమ్మానికి చూరు పెట్టినట్టు గూటి నోటి మీద చిన్న కప్పు కూడా పెట్టుకుంటుంది. అలాంటి గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగ మీద బట్టలు ఆరెయ్యకండి, అందాకా పెయింట్ పని వాయిదా వెయ్యండి.

మన పండుగలు కూడా ఈ పనికి ఎంత సాయం చేస్తాయో చూడండి. ఉగాదికి వేపపువ్వు, ఆషాఢంలో గోరింటాకు, వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి, కార్తీకంలో ఉసిరి. చవితి పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి, రేగు, మరువం, మద్ది, జమ్మి ఉన్నాయి. ఇప్పుడు చెన్నై బజారులో ఆ కట్ట డబ్బిస్తే దొరుకుతుంది. అందులో ఏది ఏ ఆకో చాలామందికి తెలీదు. ఈసారి చవితికి నెల ముందే పిల్లల్ని తీసుకుని వీధిలోకి వెళ్లండి. ఖాళీ స్థలం గోడవార ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు ఇప్పటికీ మొలుస్తున్నాయి. కొయ్యకుండా ముందు చూపించండి. ఆ ఆకుల పేర్లు నేర్చుకున్న పిల్లలకి మన వీధిలో ఏముందో ఎప్పటికీ గుర్తుంటుంది.

బాల్కనీ చాలనివాళ్లకి మిద్దె ఉంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారు నారపల్లిలో తమ ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. తెలుగునాట మిద్దెతోట అన్న మాట ఇంటింటికీ చేరడంలో ఆయన పాత్ర పెద్దది. తమిళనాట దాన్నే మాడి తోట్టం అంటారు. ఇక్కడి ఉద్యానశాఖ 2013-14 నుంచి గ్రో బ్యాగులు, కొబ్బరిపీచు దిమ్మలు, విత్తనాలు కలిపిన కిట్లు రాయితీ మీద ఇస్తూ దాన్ని ప్రోత్సహించింది. అయితే సొంత ఇంటి మిద్దె వేరు, అపార్ట్‌మెంట్ మిద్దె వేరు. అది అందరిదీ. పన్నెండు అంగుళాల కుండీ తడిస్తే ఇరవై ముప్పై కిలోలు తూగుతుంది. స్లాబు మధ్యలో పేర్చకుండా కింద దూలాలున్న చోట, గోడల వెంబడి, స్టాండ్ల మీద పెట్టాలి. నీళ్లు పోయే దారికి అడ్డం రాకూడదు. అసోసియేషన్ మీటింగులో మాట్లాడి, రెండు మూడు కుటుంబాలవాళ్లు కలిసి చేస్తే, ఊరెళ్లినప్పుడు నీళ్లు పోసే మనిషీ ఉంటారు, కాపు పంచుకునే ఇరుగుపొరుగూ ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫ్లాట్‌లో ఉన్నాం, మాకు నేలెక్కడిది అని అంటుంటాం. మీ రిజిస్ట్రేషన్ కాగితాలు తీసి చూడండి. చెన్నైలో ఫ్లాట్ కొన్న ప్రతివాళ్ల పత్రంలోనూ యూడీఎస్ అని ఒక లెక్క ఉంటుంది. అంటే అపార్ట్‌మెంట్ కట్టిన స్థలంలో మన అవిభక్త వాటా. మనం డబ్బిచ్చి కొన్న నేల అది. అది ఎక్కడుంది? భవనం కిందా ఉంది, చుట్టూ ప్రహరీగోడ లోపల వదిలిన సెట్‌బ్యాక్ జాగాలోనూ ఉంది. ఆ జాగాని మనం ఏం చేశాం? అంగుళం మట్టి కనిపించకుండా సిమెంటో టైల్సో పరిచాం. బురద అవుతుందని, ఊడవడం కష్టమని, కార్లు తిప్పాలని. వానపడితే అక్కడ ఒక్క చుక్కా ఇంకదు, నీళ్లు వీధిలోకి పారుతాయి. వీధి మునుగుతుంది, మన బోరు ఎండుతుంది.

తమిళనాడులో 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. చెన్నైలో ఏడాదికి సగటున 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. లెక్క వేస్తే వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి లక్ష లీటర్లకి పైగానే పడుతుంది. మిద్దె మీద పడ్డ నీళ్లు గొట్టంలోంచి ఇంకుడు గుంతకి చేరితే బోరుకి ఊపిరి. గొట్టం పూడిపోయిందో, గుంత మీద బండ పరిచేశారో చాలా అపార్ట్‌మెంట్లలో ఎవరూ చూడరు. సెప్టెంబరు నెలలో ఒక ఆదివారం అందరూ కలిసి ఆ గుంత తీయించి, గులకరాళ్లు కడిగి మళ్లీ వేయిస్తే చాలు.

ఆ గుంత పక్కనే గోడవార రెండడుగుల వెడల్పున సిమెంటు పగలగొట్టి మట్టి బయటికి తీయండి. నా విన్నపమంతా ఈ రెండడుగుల గురించే. అంత జాగాలో నందివర్ధనం, పారిజాతం, గోరింట, కరివేప హాయిగా పెరుగుతాయి. కుండీలో ఏళ్ల తరబడి గిడసబారిన కరివేప నేలలో పడితే ఏపుగా లేస్తుంది. మూల మీద ఇంకొంచెం చోటుంటే కానుగో వేపో పొగడో వెయ్యండి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నైలో వేల చెట్లు కూలాయి. ఇతర దేశాల నుంచి తెచ్చిన తురాయి వంటివి ఎక్కువగా పడ్డాయని ప్రకృతి పరిశీలకులు చెప్పారు. మొదలు చుట్టూ సిమెంటు పోసి వేళ్లకి చోటివ్వని చెట్టు ఏదైనా గాలికి ఆగదు. కాబట్టి మన నేల ఎరిగిన చెట్టు వెయ్యాలి, దాని మొదట్లో మూడడుగుల మట్టి వదలాలి. ఆకులు రాలుతాయి, ఊడవాలి అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. ఆ ఆకులే మన ఎరువు కుండలోకి కావలసిన ఎండుటాకు అని వాళ్లకి చెప్పండి.

మన ప్రహరీగోడ దాటితే మాధవరంలో చూడటానికి ఇంకా ఉంది. 2010లో కెథీడ్రల్ రోడ్డులో సెమ్మొళి పూంగా తెరిచారు. దాని తరవాత ఉద్యానశాఖ నగరంలో పెట్టిన రెండో బొటానికల్ గార్డెన్ మన మాధవరంలోనే ఉంది. వారానికి రెండు గంటలన్న మాట ఇందాక చెప్పాను కదా, అందులో ఒక గంట అక్కడ గడపొచ్చు. తెల్లవారి రెట్టేరి గట్టు పక్క నిలబడితే కొంగలు, నీటికాకులు, నీటికోళ్లు కనిపిస్తాయి. చెత్త వెయ్యకుండా, పూడ్చకుండా ఆ చెరువుని కాపాడమని అడిగే హక్కు రోజూ దాన్ని చూసేవాళ్లకే ఎక్కువ. చలికాలంలో ఒక ఆదివారం మాధవరం బస్ స్టాండులోనే సూళ్లూరుపేట బస్సెక్కండి. పులికాట్ సరస్సు అక్కడికి దగ్గర. దాని ఒడ్డున రాజహంసలు, నేలపట్టులో చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులు ఉంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా అది గూడబాతుల కాపురాల కాలం. పిల్లలకి అదొక పాఠం, పెద్దలకి ఊరు చూసొచ్చినట్టూ ఉంటుంది.

మిత్రులారా, ఇందులో ఏదీ ఖరీదైన పని కాదు. ఈ వారం ఒక కరివేప మొక్క తెచ్చుకోండి, పురుగు పడితే తిననివ్వండి. వచ్చే నెల అసోసియేషన్ మీటింగులో రంగులు, లిఫ్టు, కారు పార్కింగు గురించి మాట్లాడాక, లేచి ఒక్క మాట అడగండి: ప్రహరీగోడ పక్కన రెండడుగుల సిమెంటు తీసేద్దామా అని. మొదట నవ్వేవాళ్లు ఉండొచ్చు. మీతో గొంతు కలిపేవాళ్లు మాత్రం ఒకరైనా తప్పకుండా ఉంటారు. చిన్నప్పుడు పెరట్లో ఆడుకున్నవాళ్లు ప్రతి అంతస్తులోనూ ఉన్నారు. నేల మన పేరు మీదే ఉంది. దాని మీద సిమెంటు వెయ్యమని తీర్మానించింది మనమే కాబట్టి, తీసెయ్యమని తీర్మానించాల్సిందీ మనమే. ఈ అక్టోబరు వానలు మొదలయ్యేలోగా ఆ పని చేద్దాం.